కార్డుమీది పేర్లు



దివిసీమలో, సముద్రమునకు పన్నెండు పదమూడు మైళ్ళ దూరమున, బస్సుదారి ప్రక్క నున్న మా గ్రామము పేరు ఆ కాలమున తాలూకా కచేరీవారికిని, శిస్తు వసూలు చేయువారికిని, పెండ్లి సంబంధములు వెదకుకొను కొలది కుటుంబములవారికిని తప్ప అన్యులకు తెలిసినది కాదు. అట్టి గ్రామము పేరు ఒకనాటి మధ్యాహ్నము సముద్రమునకు ఆవలి గట్టునుండి, ఎన్నడును మేము చూడని, చూడబోని ఒక స్త్రీ కంఠమున, అక్షరమక్షరము స్పష్టముగా మా చెవులకు వినవచ్చినది. ఆ ముచ్చట చెప్పుకొనుటకే నేనీ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. అయితే ఆ కంఠము మా గుమ్మముదాక ఎట్లు నడచివచ్చినదో, దానిని పంపిన వా రెవ్వరో, అందులకు డబ్బు పెట్టిన వా రెవ్వరో ముందుగా చెప్పనిదే ఆ పేరు వినబడుటలోని వింత మీకు బోధపడదు.

మా ఊరికి మొదట రేడియో వచ్చినది కాఫీ హోటలులోనికి. విద్యుద్దీపములింకను రాని దినములగుటచే అది బ్యాటరీమీద నడచు సెట్టు. ఆ బ్యాటరీ రెండిటుకలంత బరువుండెడిది. దానిలో సత్తువ ఉడిగినచో బందరునుండి క్రొత్తది వచ్చువరకు హోటలు మూగవోయెడిది. పెంకుటింటి ఇరుకొసలను రెండు వెదురు గడలు నిలిపి, వాని నడుమ సన్నని రాగితీగతో అల్లిన వలను పట్టీవలె లాగి కట్టి, అందుండి ఒక తీగను సెట్టునకును, సెట్టునుండి వేరొక తీగను నూతిగట్టు ప్రక్క పాతిన ఇనుపకడ్డీకిని తగిలించిరి. కడ్డీ పాతిన చోట నేల తడిగా నున్నగాని ధ్వని తేటపడదని బందరు మెకానికు చెప్పిపోయినందున, హోటలు కుర్రవాడు ప్రతి సాయంకాలము, తులసికోటకు పోసినంత శ్రద్ధతో, దానికొక చెంబెడు నీళ్ళు పోసెడివాడు. సెట్టు అద్దముమీద నగరముల పేర్లు అచ్చువేసి యుండెడివి. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీననే వెలసినది, మాకు ఇరుగుపొరుగు వంటిది. వార్తలకును, హరికథలకును, పొలముపనుల మాటలకును దానినే పెట్టెడివారు. కాని దీపములు వెలిగించిన పిమ్మట, ఎవరును త్రిప్పకయే తనంతట తానే తిరిగినదా అన్నట్లు, ఆ ఎఱ్ఱని ముల్లు కొలంబో వంకకు జరిగెడిది.

కొలంబో రేడియో కథ చాల పాతది. 1925 డిసెంబరు 16న, తంతి శాఖలో ఇంజనీరుగా నుండిన ఎడ్వర్డు హార్పరు అను ఆంగ్లేయుడు, మొదటి ప్రపంచయుద్ధమున పట్టుబడిన ఒక జర్మను జలాంతర్గామి లోని పరికరములను ఊడదీయించి తెచ్చి, వానితో ప్రసారయంత్రమును కూర్పించి, అక్కడ క్రమమైన ప్రసారములకు నాంది పలికెను. రెండవ యుద్ధకాలమున ఆగ్నేయాసియా సేనల కధిపతియైన మౌంటుబాటెను ప్రభువు తన మూలస్థానమును ఆ ద్వీపముననే నిలిపి, దూరదేశములలో పోరాడుచున్న సైనికుల కొఱకు కొలంబో సమీపమున ఏకల అను చోట నూరు కిలోవాట్ల షార్టువేవు ప్రసారిణి నొకదానిని నెలకొల్పించెను. యుద్ధము ముగిసినది, సైనికులు ఇండ్లకు పోయిరి, ఆ మహాయంత్రము మాత్రము అక్కడనే నిలిచినది. అంతటి గొంతు చేతికి చిక్కిన చిన్న దేశము దానితో ఏమి చేయవలెను? ఆ ద్వీపములోని ఇండ్లకు ఆ గొంతు మిక్కిలి పెద్దది. చుట్టునున్న సముద్రములను దాటి వినువారిని వెదకుకొనుటయు, వారికి ప్రియమైన దానిని వినిపించుటయు, ఆ వినికిడి విలువను వర్తకుల కమ్మి ఖర్చులు రాబట్టుటయు దానికి సహజమైన మార్గములయ్యెను. 1950 సెప్టెంబరు 30న సిలోను రేడియో వాణిజ్య విభాగము ఆరంభమైనది. ఆస్ట్రేలియానుండి వచ్చిన క్లిఫర్డు డాడ్ అను నిపుణుడు దానికి మెఱుగులు దిద్దెను. యుద్ధము కొఱకు పుట్టిన యంత్రము పాటల పాలయ్యెనన్న మాట తలచుకొన్నప్పుడెల్ల నాకు మనస్సు ఆర్ద్రమగును. ఆయుధములకన్నింటికి అట్టి జన్మాంతరము లభింపలేదు గదా!

ఆ షార్టువేవు తరంగముల నడక కూడ చిత్రమైనదే. అవి నేలబారున ప్రాకవు. ఆకాశమున ఎంతో ఎత్తున, సూర్యరశ్మిచే విద్యుత్సంపన్నమైన వాయుస్తరమునకు తాకి, అద్దమునకు తగిలిన వెలుగువలె మరలి, వందల మైళ్ళకావల నేలకు దిగును. ఆ స్తరము నిలకడలేనిది. గడియకొక తీరుగ కదలుచుండును. కావుననే కొలంబో పాట ఒకసారి చెంతనే కూర్చుండి పాడినట్లుండి, మరునిమేషమున ఏటి ఆవలి ఒడ్డునకు పోయినట్లగుచు, మరల మెల్లగ దరిచేరుచుండెడిది. సముద్రతీరమున పెరిగినవారము గనుక మాకది అలల రాకపోకలవలె తోచెడిది గాని లోపముగ తోచెడిది కాదు. పాట దూరమైనంతసేపు హోటలులో నెవ్వరును మాటలాడరు. గ్లాసు క్రింద పెట్టిన చప్పుడు సైతము వినరాదు. మరల దగ్గరకు రాగానే నలువది మంది యొక్కమారుగ ఊపిరి విడిచెడివారు. హోటలు అరుగుమీద కూర్చుండు వృద్ధుడొకడు, పురాణము విని విని తలపండినవాడు, రామాయణకాలమున లంక మాటను ఇవ్వలికి తెచ్చుటకు హనుమంతుడంతవాడు కావలసివచ్చెనే, నేడొక రాగివల చాలినదే అని ప్రతివారము అబ్బురపడెడివాడు. ప్రతివారము మేమును అదియే మొదటిసారి విన్నట్లు వినెడివారము.

మన పాటలకై మనము లంకదాక పోవలసినదేమి అని నేటి యువకులు అడుగవచ్చును. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖను చేపట్టిన డాక్టరు బి. వి. కేస్కరుగారు శాస్త్రీయ సంగీతమన్న ప్రాణము పెట్టువారు. ఆ యేడే ఆకాశవాణిలో జాతీయ సంగీత కార్యక్రమము మొదలైనది. సంస్థానములు అంతరించి, ప్రభువుల కొలువులు మూతపడి, ఎటుపోవలెనో దిక్కుతోచని విద్వాంసులకు ఆకాశవాణి యొక క్రొత్త కొలువై అన్నము పెట్టినది. అంతటి మేలునకు కారకుడైన పెద్దమనిషిని నేను నిందింపను. కాని సినిమాపాట జనుల అభిరుచిని పాడుచేయునని నమ్మి ఆయన దానికి కళ్ళెము వేసిన తీరు మాత్రము పొరపాటనియే నాటికిని నేటికిని నా యభిప్రాయము. పాటతోపాటు చిత్రము పేరు చెప్పినచో అది ఉచితముగ చేసిపెట్టిన వ్యాపారప్రకటన యగునని తలచి ఆ పేర్లు చెప్పుట మానిపించిరి. అందులకు నొచ్చుకొన్న నిర్మాతలు తమ పాటలను వేసికొను అనుమతినే ఉపసంహరించుకొనిరి. ఫలితముగ, నౌషాదు, సి. రామచంద్ర, మన రాజేశ్వరరావు వంటివారు రాగములను కరగించి పోసిన రోజులలో, ఆ పాటలకు స్వదేశమున తలుపు ఓరవాకిలియై, పరదేశమున బార్లా తెరువబడినది. రసికత యనునది ఆజ్ఞాపత్రముల వలన అలవడదు. ఇష్టమైన దానిని చేత పట్టుకొని ఎక్కుమన్నచో ఎవ్వడైనను ఒకటి రెండు మెట్లు పైకెక్కును గాని, ఇష్టమైనది పారవేసి రమ్మన్నచో ప్రక్కవీథికి పోవును. మేము ప్రక్కవీథికి పోతిమి.

ఆ ప్రక్కవీథిలో దీపస్తంభము వంటిది బుధవారము రాత్రి 8 గంటలకు వచ్చు బినాకా గీత్‌మాలా. దాని పుట్టుక 1952 డిసెంబరు 3. ఒక పళ్ళపేస్టు కంపెనీవారు హిందీ పాటల కార్యక్రమము నొకదానిని చేయింపదలచిరి. వ్రాయుట, చదువుట, వచ్చిన ఉత్తరములు లెక్కవేయుట, అన్నియు ఒక్కరే చేయవలెను. ప్రతిఫలము వారమునకు 25 రూపాయలు. అనుభవజ్ఞులు ఆ కొద్దిపాటి సొమ్మునకు రానందున ఇరువదేండ్లు నిండవచ్చిన అమీన్ సయానీ చేతికది వచ్చినది. మొదట ఏడు పాటలను వరుసలేక వినిపించి, వానిలో ఏది ఏ స్థానమునకు తగినదో శ్రోతలనే వ్రాయుమనిరి. సరిగ వ్రాసినవారికి నూరు రూపాయల బహుమానము. మొదటి కార్యక్రమమునకు తొమ్మిదివేల ఉత్తరములు వచ్చి ఆ యువకుని నివ్వెరపరచినవి. ఏడాది తిరుగకముందే వారమునకు అరువదియైదు వేలైనవి. అన్నిటిని ఒక్కడెట్లు చదువును? తరువాత ఆ పోటీ మాని, అంగళ్ళలో రికార్డులమ్ముడుపోయిన లెక్కలను, శ్రోతల సంఘములు తెలిపిన మాటలను పట్టి పాటలకు వరుస యేర్పరచి, క్రింది మెట్టునుండి మీది మెట్టునకు ఎక్కించుకొనిపోవు పద్ధతి వచ్చినది. బొంబాయిలో ధ్వనిముద్రణ జరిగిన టేపులు విమానముపై కొలంబోకు పోయి, అక్కడి ప్రసారిణి నోట మరల మన దేశమునకు తిరిగివచ్చెడివి. తల్లివద్దకు పోయి చెప్పవలసిన మాటను పొరుగింటి పిల్లవానిచేత చెప్పి పంపుట వంటిది!

సయానీగారి హిందుస్తానీని గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు సాగలేను. ఆయన తల్లి కుల్సుం సయానీగారు గాంధీమహాత్ముని కోరికపై, క్రొత్తగా చదువు నేర్చినవారికొఱకు, ‘రహబర్’ అను పత్రికను తేటమాటలలో నడిపిరి. అదియే నాగరిలోను, ఉర్దూలోను, గుజరాతీలోను అచ్చయ్యెడిది. తల్లి పత్రికకు చేసిన చేతిసాయమే కొడుకునకు భాషాభ్యాసమైనది. ఇక మా యింట, మా అన్నయ్య ఆ దినములలో దక్షిణభారత హిందీ ప్రచారసభవారి పరీక్షలు వ్రాయుచుండెను. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష వరుసగా గట్టెక్కినవి. అయినను నోరు తెరచి ఒక్క వాక్యము పలుకలేకుండెను. వ్యాకరణము పుస్తకమునుండి వచ్చినది గాని, నాలుకకు వంపు, వాక్యమునకు లయ బుధవారపు రాత్రులే యిచ్చినవి. సయానీగారు శ్రోతలను పలుకరించు సంబోధనలో సోదరీమణులు ముందు, సోదరులు పిమ్మట నుండెడివారు. సభలలో అయ్యలారా అన్న పిమ్మటనే అమ్మలను తలచు దేశమున ఈ వరుస మార్పు చిన్నది కాదు. మా అమ్మకు హిందీ యొక్క ముక్కయు రాదు. అయినను అన్నయ్య ఆ పలుకునకు అర్థము చెప్పిననాడు, ఆమె చేటలోని బియ్యము నట్లే యుంచి ఒక క్షణము రేడియో వంక చూచినది.

మా భాషకును ఆ హిందీ మెట్లకును నడుమ ఒక రహస్యమార్గముండెడిది. గీత్‌మాలా 1953 సంవత్సరమునకు శిరోభూషణముగ ప్రకటించిన పాట హిందీ ‘అనార్కలీ’ లోనిది, స్వరకల్పన సి. రామచంద్రది, గళము లతా మంగేష్కరుది. రెండేండ్లకు, 1955లో, అంజలీదేవి, నాగేశ్వరరావులతో తెలుగు ‘అనార్కలి’ వచ్చినది; ఆదినారాయణరావుగారు తక్కిన పాటలకు తమ సొంత బాణీలెన్నియో కట్టి, ఆ యొక్క వరుసను మాత్రము గౌరవముతో నిలుపుకొనిరి; జిక్కి పాడినది. బందరు సినిమాహాలులో ఆ పాట ఎత్తుకొనగానే నేలటిక్కెట్టువారందరును, తెలుగుమాట మొదటిసారి వినుచున్నవారయ్యును, వరుసను ముందే యెరిగినవారై గొంతు కలిపిరి. వారికా రాగమును నేర్పినది ఏ సంగీతపాఠశాల? రాగివలకును, తడిపిన ఇనుపకడ్డీకిని నడుమ కట్టిన ఆ కొయ్యపెట్టె గదా.

ఇక డబ్బు పెట్టిన వర్తకుని మాట. గాలిలో కాలమును కొని సరకు అమ్ముకొను పద్ధతికి 1922 ఆగస్టు 28న న్యూయార్కులో అంకురార్పణ జరిగినది. ఇండ్లు అమ్ము సంస్థయొకటి 50 డాలర్లిచ్చి పదినిమిషముల కాలమును కొనెను. అక్కడనుండి అది ఏయే రూపముల పెరిగినదో లోకవిదితమే. వర్తకుడు కళకు పోషకుడగుట తెలుగువారికి మాత్రము రేడియోతో మొదలైన సంగతి కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనము నమ్మిరి. ఆ తలనొప్పి మందు డబ్బాలనుండియే ఆంధ్రపత్రిక పుట్టినది, భారతి పుట్టినది. సంగీతసభలలో చిన్నడబ్బాలు ఉచితముగ పంచి, ఆ సభలవలన పేరు పొంది, ఆ పేరుతో వచ్చిన ధనమును మరల సారస్వతమున కర్పించిరి. వారు తమ పేరు చాటుకొనిరి. కాని చాటుకొను చోట అతిథికి పీటవేసి, విస్తరి వేసి, పిమ్మటనే తాము కనుపించిరి.

కొలంబో వర్తకులలోను నాకు ఆ మర్యాదయే కనుపించెడిది. కార్యక్రమమునకు ముందొకమారు, నడుమనొకమారు, ముగింపున నొకమారు ఆ పళ్ళపేస్టు పేరు వచ్చెడిది, వచ్చినప్పుడును పాట చెప్పిన ఆ స్నేహస్వరముననే వచ్చెడిది, అరపులుండెడివి కావు. పాట నడుమ దూరుట యన్నది ఎన్నడును లేదు. మా హోటలులో ఆ పాటలు విన్న నలువదిమందిలో ఆ పేస్టు కొన్నవాడొక్కడును లేడని ప్రమాణము చేసి చెప్పగలను. కొందరిది వేపపుల్ల, కొందరిది కచ్చిక, కాస్త నాగరికులది పండ్లపొడి. మావలన దమ్మిడీ లాభములేదని ఆ కంపెనీవారికి తెలియకపోలేదు. తెలిసియు, ఏండ్ల తరబడి, వారమునకొక గంట మాకు ధారపోసిరి. వారు కొన్నది బొంబాయివారి చెవులను. కాని ఆకాశమున పందిరివేసిన పెండ్లి గనుక పిలువనివారమును భోంచేసితిమి. వాణిజ్య ప్రసారములనగానే మూతి ముడుచుకొను పండితులను నేనెరుగుదును. వారితో నాకు వాదము లేదు; కాని పన్నుల సొమ్ముతో నడచు వాణి మాకేది మంచిదో తానే నిశ్చయించిన కాలమున, పళ్ళపేస్టు సొమ్ముతో నడచు వాణి మీకేది యిష్టమో కార్డు వ్రాయుడని మమ్ముల నడిగెను. పల్లెటూరివానిని అట్లడిగినవారు నాటికి వేరొకరు లేరు.

ఆకాశవాణి ఆ పాఠమును గ్రహించినదని చెప్పుట ధర్మము. 1957 అక్టోబరు 3న వివిధభారతి వెలసినది. బొంబాయి, మద్రాసులలోని శక్తిమంతములైన షార్టువేవు ప్రసారిణులు దానిని దేశమంతట వినిపించినవి. పండిత నరేంద్రశర్మ వంటి కవి దానికి మార్గదర్శి యయ్యెను. పది సంవత్సరములకు, 1967 నవంబరు 1న, బొంబాయి, నాగపూరు, పుణె కేంద్రములలో ప్రకటనలకు అనుమతి లభించినది. తరువాతి యేండ్లలో హైదరాబాదు, విజయవాడలును ఆ వరుసలో చేరినవి. ‘వివిధభారతి వాణిజ్య ప్రసార విభాగము’ అన్న మాట మన ఇండ్లలో ప్రొద్దుపొడుపువలె నిత్యమైనది. జనరంజని వచ్చినది. ఆదివారము మధ్యాహ్నము సంక్షిప్త శబ్దచిత్రము వచ్చినది. చిత్రము చూడలేని ఇల్లాండ్రు పెసలు విసరుచు, చీరలకు అంచులు కుట్టుచు, ఒక గంటలో సినిమానంతయు చెవులతో చూచెడివారు. కన్నీటిఘట్టమున తిరుగలి ఆగెడిది. హాస్యఘట్టమున మరల తిరిగెడిది. ఉత్తరదేశమున జుమ్రీ తిలైయా యను అభ్రకపు గనుల ఊరొకటి, అచ్చటివారు వ్రాసిన కోరికల కార్డుల వలననే దేశమంతట ప్రఖ్యాతి గాంచినది. మన గూడూరును అభ్రకపు పేటయే. అభ్రకమునకును రేడియోకును చుట్టరికము కలదు, సెట్టులలోని కొన్ని భాగములకది కావలసిన వస్తువు. అయినను గూడూరువారికేల ఆ ఖ్యాతి దక్కలేదో నాకు చాలకాలము కించపాటుగనే యుండెడిది.

కొలంబోనుండి తెలుగుపాటలును వచ్చెడివి. హిందీ అభిమానులకు అమీన్ సయానీ యెట్లో, తమిళులకు మయిల్వాగనం ఎట్లో, మాకు మీనాక్షి పొన్నుదొరై గారట్లు. తెలుగునేలకు దూరమున నుండి పలుకు ఆ తెలుగులో మా వాడుకకు కొంచెము వేరైన ఒక సొగసుండెడిది. అది మా యింటి ఆడపడుచు దూరదేశమునకు కాపురమునకు పోయి, అక్కడి గాలి కొంత సోకిన మాటలతో క్షేమసమాచారములడిగినట్లుండెడిది. ఆ పాటల నడుమ, కోరినవారి పేర్లు, వారి ఊళ్ళ పేర్లు చదువబడెడివి. ఏనాడును పటములో చుక్కగానైన నోచుకొనని పల్లెలు, ఏటిగట్టు పేటలు, రైల్వే కాలనీలు, ఒక్కొక్కటిగ ఆ కంఠమునుండి వెడలి, దేశములమీదుగ ఎగిరి, తమ గూళ్ళకు తాము చేరుకొనెడివి.

నేను మొదట చెప్పదలచిన ముచ్చట కిప్పుడు వచ్చితిని. నాకు ఇరువదియేండ్లు దాటిన కాలమది. నాన్నగారు బియ్యపుమిల్లులో గుమాస్తా; మిల్లుదొర క్రొత్త సెట్టు కొనుకొన్నపుడు పాతదానిని నాన్నగారి కిచ్చెను; పోస్టాఫీసులో లైసెన్సు కట్టి దానిని ఇంటికి తెచ్చుకొంటిమి. అన్నయ్య బి. ఏ. ముగించి ఉద్యోగములకు దరఖాస్తులు పంపుచుండెను. వారమునకు రెండు మూడు దరఖాస్తులు పోవుచుండెడివి. ఒక్కదానికైనను జవాబు లేదు. కాదన్న మాటయైన వ్రాసినవారు లేరు. ఆ దరఖాస్తులతోపాటు అతడు కొలంబోకు ఒక కార్డు వ్రాసెను. సిలోనుకు ఎంత బిళ్ళ అంటింపవలెనో పోస్టుమాస్టరుగారు పుస్తకము తిరుగవేసి చెప్పిరి. కార్డునిండ పేర్లు: తనది, స్నేహితులవి, నాది, హోటలువారివి కూడ. అప్పటినుండి ప్రతిదినము తెలుగుపాటల వేళకు ఇంటిల్లిపాదిమి సెట్టు ముందు చేరెడివారము.

అమ్మ మాత్రము వంటయింటి గడపకు ఇవ్వల కూర్చుండెడిది. ఆమెకు చదువు లేదు. అమ్మ పేరు మా ఇంట ఎవరు పలుకగా నేను వినలేదు. నాన్నగారు ఏమే అని పిలిచెడివారు, నాయనమ్మ కోడలుపిల్లా అనెడిది, ఊరివారికామె గుమాస్తాగారి భార్య, మాకమ్మ. పుట్టింటివారుండిన దినములలో వారు పిలిచియుందురు. వారు గతించి చాలకాలమైనది. ఆమె పేరు ఓటర్ల జాబితాలో నుండినది, అంతే.

కార్డు వేసిన నెలకో నెలన్నరకో, ఒకనాడు, పాట ముగిసి, ఆ కంఠము మా ఊరి పేరు పలికినది. పొరబాటు లేదు, ఊరి పేరు, ఆపైన మా తాలూకా పేరు. నాన్నగారు లేచి నిలువబడిరి, ఎవరో పెద్దలు లోపలికి వచ్చినట్లు. అన్నయ్య పేరు వచ్చినది. రెండవ పేరు వచ్చినది. అంతట, పాపిష్ఠి ఆకాశము, అల వెనుకకు పోయినట్లు ఆ కంఠమును లాగుకొనిపోయినది. ముల్లును వెండ్రుకవాసి జరిపి చూచితిమి. తీగను చేతితో పట్టుకొని చూచితిమి. గలగల శబ్దము తప్ప మరేమియు లేదు. తేరుకొని దరిచేరునప్పటికి పాట సగమైనది. తక్కినవారి పేర్లు చదివిరో లేదో యెవ్వరును చెప్పలేరు. హోటలువారు తమది తప్పక వచ్చియుండునని సాయంకాలము అందరికి కాఫీ ఉచితముగ నిచ్చిరి. అది మా ఊరి చరిత్రలో నొక పర్వదినము.

ఆ రాత్రి భోజనముల వేళ, వడ్డించుచు వడ్డించుచు, అమ్మ మెల్లగ, “చివరను నా పేరు చదివినది. నాకు వినబడినది” అనినది.

ఎవ్వరును మారుమాట పలుకలేదు. నాన్నగారు తల యెత్తక, “ఔను, నేనును వింటిని” అనిరి.

ఇది జరిగి అరువదియేండ్లకు మీదైనది. సిలోను రేడియో 1967లో పేరు మార్చుకొన్నది. 1972లో మరల మార్చుకొన్నది. గీత్‌మాలా 1989లో వివిధభారతికి వచ్చి, కొలది యేండ్లకు నిలిచిపోయినది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచెత్తిననాడు మా ఊరి హోటలు, దాని వెదురుగడలు, ఆ నూతిగట్టు ఇనుపకడ్డీ, అరుగుమీది వృద్ధుడు, అన్నియు పోయినవి. అమ్మ అంతకు మునుపే పోయినది. 2024 ఫిబ్రవరి 20న అమీన్ సయానీ గారు కన్నుమూసిరని వార్త రాగా, ఆ సాయంకాలము నేను అన్నయ్యకు ఫోను చేసితిని. అతనికి ఇప్పుడు ఎనుబది దాటినవి. చెవి కొంచెము మందగించినది. ఆ పాటలిప్పుడు అతని అరచేతిలోని పెట్టెలో, కోరిన క్షణమున, అల వెనుకకు పోకుండ, తేటగ పలుకుచున్నవట. అయినను అరపాటకే నిలిపివేయుచున్నాడట. మాట మీద మాట వచ్చి ఆ కార్డు సంగతి ఎత్తుకొంటిమి. నీ విన్ని పేర్లు వ్రాసితివి గదా, అమ్మ పేరు ఎన్నవదిగ వ్రాసితివి అని నే నడిగితిని.

అన్నయ్య చాలసేపు మాటలాడలేదు. ఫోను తెగిపోయినదేమో యనుకొంటిని. తుదకు, “ఆ కార్డులో అమ్మ పేరు వ్రాయలేదురా. నాకు తోచలేదు” అనినాడు.

అమ్మ ఆ మాట అన్న మరునాడు తెల్లవారకముందే లేచి వేరొక కార్డు వ్రాసినాడట. తరువాత ఉద్యోగము వచ్చి విశాఖపట్టణము పోయినను, పెండ్లియైనను, పిల్లలు కలిగినను, కొలంబోకు, ఆపైన వివిధభారతికి, నెలకొకటి వంతున, ఎవ్వరికి చెప్పక, వ్రాయుచునే యుండినాడట. పాట ఏదైనను సరే, ఆ కార్డులన్నిటిమీద మొదటి పేరు ఆమెదే.